సాధనా, సాధింపూ

మా పక్క ఫ్లాటులోకి కొత్తగా వచ్చినావిడ మొన్న లిఫ్టు దగ్గర నన్ను పట్టుకుంది. వాళ్ళ అమ్మాయి వయొలిన్ నేర్చుకుంటోందట. రోజూ గంటసేపు వాయిస్తోందట గానీ ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉందట. "మీరు రేడియోలో వాయించేవారని వాచ్‌మన్ చెప్పాడాంటీ. ప్రాక్టీసు ఎలా చెయ్యాలో కాస్త టిప్స్ చెప్పరా?" అంది. నా నోరు ఊరుకోదు కదా, "అది మా అత్తని అడగాలమ్మా" అన్నాను. ఆవిడ మర్యాదస్తురాలు. "అయ్యో, అత్తగారు కూడా వాయిస్తారా? ఇంట్లో ఉన్నారా?" అంటూ మా తలుపు వైపు చూసింది. మా అత్త పోయి చాలా ఏళ్ళయింది. బతికుండగా ఆవిడ నా వయొలిన్‌ని తాకింది ఒకే ఒక్కసారి. అదీ మంచం కింద ఊడవడానికి అడ్డొచ్చిందని చీపురు వెనకవైపుతో పక్కకి నెట్టడానికి. ఇదంతా లిఫ్టులో చెప్పే సంగతి కాదు గనక నవ్వేసి లోపలికి వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం గోడ అవతల ఆ పిల్ల మొదలుపెట్టింది. చక్కగా ఎత్తుకుంటుంది, నాలుగు అడుగులు వేస్తుంది, ఒక చోట తట్టుకుంటుంది. వెంటనే మళ్ళీ మొదటికి వెళ్ళిపోతుంది. బాగా వచ్చినదంతా ఇంకోసారి బాగా వాయించి, సరిగ్గా అదే చోటికి వచ్చి మళ్ళీ తట్టుకుంటుంది. గంటసేపూ ఇదే వరస. పేపరు చదువుకుందామని కూర్చున్న నాకు ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. పేపరు మడిచి పక్కన పెట్టి, ఆ పిల్లకి మా అత్త లాంటి మనిషి ఒకర్తి దొరికితే బావుణ్ణు అనుకున్నాను.

మన భాషలో ఒక తమాషా ఉంది. "ఫలానావాడు సాధించాడు" అంటే దండ వేసి ఊరేగిస్తారు. "ఫలానా ఆవిడ సాధిస్తోంది" అంటే ఆ ఇంటి కోడలు పుట్టింటికి పెట్టె సర్దుకుంటుంది. పట్టుపట్టి నేర్చుకోవడానికీ, పట్టుపట్టి ప్రాణం తియ్యడానికీ మనవాళ్ళు ఒకే మాట ఎందుకు పెట్టారో పండితులు చెప్పాలి. నాకు మాత్రం ఆ సంగతి ఎనభైల మొదట్లో, గాజువాక అవతల, రెండు గదుల పెంకుటింట్లో బోధపడింది.

మాది విజయనగరం. మా నాన్న స్కూలు మాష్టారు. ఆయనకి సంగీతం అంటే పిచ్చి గానీ గొంతు లేదు. తనకి లేని గొంతుని నా చేతిలో వయొలిన్‌గా పెట్టాడు. పదిహేనేళ్ళ పాటు గురువుగారి ఇంటికి తిరిగాను. అత్త మా నాన్నకి దూరపు వరసలో అక్క. ఆవిడ కొడుక్కే నన్ను ఇచ్చారు. వాళ్ళది సముద్రం వైపున్న చిన్న ఊరు. స్టీలు ప్లాంటు కోసం తీసుకున్న ఊళ్ళలో ఆ ఊరూ పోయింది. ఇల్లూ పొలమూ పోయినందుకు మా ఆయనకి ప్లాంటు పనుల్లో ఉద్యోగం వచ్చింది. అప్పటికి ప్లాంటు ఇంకా కడుతున్నారు. ఆయన పొద్దున్న ఆరింటికి సైకిలెక్కి వెళ్తే చీకటిపడ్డాక దుమ్ము కొట్టుకుని వచ్చేవాడు. వచ్చి అన్నం తిని పడుకునేవాడు. అంత ఎర్రదుమ్ము పీల్చిన మనిషిని కబుర్లు చెప్పమని అడగడానికి నాకు మనసొప్పేది కాదు.

ఇక మిగిలింది అత్తా, నేనూ. ఇంటి చుట్టూ ఖాళీ స్థలాలు, రాళ్ళు పాతి వదిలేసిన ప్లాట్లు, తుమ్మ పొదలు. పొరుగు అనదగ్గ ఇల్లు కేకేస్తే వినపడేంత దూరంలో కూడా లేదు. సిటీ బస్సు మెయిన్‌రోడ్డు మీద ఎప్పుడో ఒకటి పోయేది. పన్నెండింటికి ప్లాంటు వైపు బండలు పేల్చేవాళ్ళు. ఆ చప్పుడుకి పెంకులు కదిలి ఒకటి రెండు కంకర పలుకులు పప్పులో పడేవి. ఆ చప్పుడు కోసం కూడా నేను ఎదురు చూసిన రోజులున్నాయి. అంత ఒంటరితనం అంతకు ముందు నేనెప్పుడూ ఎరగను. పుట్టింట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు పాడుతూనో, తిడుతూనో ఉండేవారు. ఇక్కడ పాట నేనే, తిట్టు అత్తే.

నాకున్న ఆశల్లా ఒక్కటే. రేడియోలో వాయించడానికి పనికొస్తాననిపించుకోవాలి. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆడిషన్‌కి వెళ్ళాను. అద్దం అవతల కూర్చున్న పెద్దలు కల్యాణిలో కీర్తన వాయించమన్నారు. అనుపల్లవిలో ఒక సంగతి, అంటే స్వరాల మలుపు, ఉంది. పంచమం నుంచి ఒక్క ఊపున పైషడ్జం దాటి గాంధారం మీద వాలాలి. నా వేలు ఎప్పుడూ అక్కడ వెంట్రుకవాసి కిందే పడేది. గురువుగారి ముందు సర్దుకుపోయేదాన్ని. అద్దం ముందు సర్దడం కుదరలేదు. ఈసారికి కాదు, మళ్ళీ రమ్మన్నారు. మళ్ళీ వెళ్ళడానికి ఏడాది పైన గడువుంది. అది పాసైతే ఏడాదికి నాలుగుసార్లయినా వయొలిన్ పెట్టె పట్టుకుని బస్సెక్కుతాను, నా పేరు ఎవరో పలుకుతారు, ఎక్కడో ఎవరో వింటారు. పాసవకపోతే పెట్టె అటకెక్కుతుంది. ఆ దుమ్ములో, ఆ నిశ్శబ్దంలో నేనూ దానితో పాటు అటకెక్కినట్టే. మా ఆయన చెడ్డవాడు కాదు. "ఈ పాలి కూడా కాపోతే ఇంక మానీ. ఎందుకలాగ బుర్ర పాడు సేసుకోడం?" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అందుకే భయమేసింది.

నేను రోజూ వాయించేదాన్ని. కొద్దిగా కాదు, చేతివేళ్ళు కాయలు కాసేలా. కీర్తన మొదలుపెట్టడం, అక్కడిదాకా రావడం, వేలు జారడం, ఛీ అనుకుని మళ్ళీ పల్లవి ఎత్తుకోవడం. అత్త గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ వినేది. వినేది అనకూడదేమో, భరించేది. వయొలిన్ ఆవిడ చెవికి ఏడుపు. "సందేల ఏడుపెట్టీసినావేటే గుంటా? దీపాలెట్టే ఏల అదేటి?" అనేది. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. పెళ్ళై కోడలిగా వచ్చినా నేను ఆవిడకి గుంటనే.

ఇప్పుడు మా అత్త సాధింపు గురించి చెప్పాలి. లోకంలో సాధించే అత్తలు చాలామంది ఉంటారు. వాళ్ళలో ఎక్కువమందికి ఆ విద్య రాదు. ఉప్పు ఎక్కువైందని మొదలుపెట్టి, పెళ్ళిలో పెట్టిన చీరెల దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణుంచి కోడలి తాతగారి దాకా పోయి, చివరికి ఉప్పు సంగతే మర్చిపోతారు. కోడలూ మర్చిపోతుంది. ఒకర్ని ఒకరు తిట్టుకున్న అలసట తప్ప ఏమీ మిగలదు. మా అత్త అలా కాదు. ఆవిడ ఎన్నడూ పెళ్ళి దాకా వెళ్ళలేదు. నాలో ఆవిడకి కనపడ్డ తప్పులు ఎన్ని ఉన్నా ఒకసారికి ఒక్కటే పట్టుకునేది. దాన్ని పూర్తిగా లొంగదీసేదాకా రెండోదాని జోలికి పోయేది కాదు.

ఆ ఏడు ఆవిడ పట్టుకున్నది గిన్నెలు. నేను తోమిన గిన్నెలు వెల్లకిలా పెట్టేదాన్ని. పుట్టింటి అలవాటు. ఇక్కడ ఎర్రదుమ్ము, పూట గడిచేసరికి గిన్నె అడుగున కుంకుమ చల్లినట్టుండేది. కనక బోర్లించాలి. ఈ మాట ఆవిడ నాతో సూటిగా చెప్పింది ఒక్కసారే. ఆ తరవాత కాకితో చెప్పింది. "ఓలమ్మ కాకమ్మా, నువ్వయినా సెప్పు. గిన్నె బోర్లిత్తే దుమ్ము పడదు కాదేటి?" మర్నాడు హార్బరు నుంచి గంప పెట్టుకుని వచ్చే చేపలావిడని ఆపి, "మీ ఇంటికాడ గిన్నెలు ఎలగ పెడతారే? బోర్లానా, ఎల్లకిలానా?" అని అడిగింది. ఆవిడ గంప దించకుండానే, "మా ఇంటికాడ గిన్నెలు సాల్తే కదమ్మా, బోర్లించడానికీ తిప్పడానికీ" అని నవ్వుకుంటూ పోయింది. ఆ మర్నాడు ఏమీ అనలేదు. ఒక చెంబు తీసి దాని అడుగు చూసి, చీరకొంగుతో తుడిచి, మెల్లగా బోర్లించి పోయింది. ఇంకో రోజు సామెతగా అంది, ఇంకో రోజు నవ్వుతూ అంది, ఇంకో రోజు గబగబా దారిన పోతూ అంది. ఎప్పుడూ రెండు మాటలు దాటేది కాదు. నాకు సరిగ్గా చుర్రుమనే వేళకి "అయిపోనాది. ఇంకనను. నాకెందుకు?" అని లేచిపోయేది. మిగతా పని ఆ మాట నా లోపల చేసుకునేది.

నేను ఊరుకున్నానా? లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించాను. గిన్నెలు ఠంగుఠంగుమని కొట్టాను. అలిగి అన్నం మానేశాను. ఆవిడ పట్టించుకోలేదు. కోపం వస్తే ఆ తప్పుని వదిలేసి మనిషి మీద పడతాం కదా, ఆవిడకి అసలు కోపమే వచ్చేది కాదు. ఆవిడ పేచీ గిన్నెతో, నాతో కాదు.

ఒకరోజు పేలుడు చప్పుడు అయ్యాక వంటింట్లో అంట్లు సర్దుతున్నాను. మనసు వయొలిన్ మీద ఉంది. పొద్దున్నంతా వాయించి, ఆ గాంధారం మళ్ళీ తప్పి, చేతులు పడిపోయి ఉన్నాను. తల తిప్పి చూస్తే గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి. వరసగా, చెంబు పక్కన గ్లాసు, గ్లాసు పక్కన గిన్నె. నేనే బోర్లించాను. ఎప్పుడు బోర్లించానో నాకు తెలీదు. చేతిలో ఉన్న తడి గ్లాసు కూడా నేను చూస్తుండగానే నా ప్రమేయం లేకుండా తిరగబడి అలమర మీద కూర్చుంది. నేను అక్కడే నిలబడిపోయాను. పదిహేనేళ్ళు గురువు దగ్గర కూర్చున్నా నా వేలికి రానిది, అక్షరమ్ముక్క రాని ఈవిడ పుణ్యమా అని నా చేతికి వచ్చేసింది! ఈవిడ నన్ను సాధించేసింది. నేనేమో ఆ విద్య రాని అత్తల్లాగా వయొలిన్‌ని రోజూ పెళ్ళి దగ్గర్నుంచి తిడుతున్నాను.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ అయ్యాక ఆలోచించాను. నా పల్లవికి ఏ లోటూ లేదు. దాన్ని రోజూ వందసార్లు ఎందుకు వాయిస్తున్నాను? అది బాగా వస్తుంది కనక, వాయిస్తుంటే హాయిగా ఉంటుంది కనక. తప్పు దగ్గరికి వచ్చేసరికి సిగ్గేసి పారిపోతున్నాను. పారిపోయి మళ్ళీ హాయి దగ్గరికే పోతున్నాను. మా అత్త ఎన్నడైనా తోమిన గిన్నెల మెరుపుని పొగిడిందా? నేరుగా గిన్నె బోర్లింపు దగ్గరికే వచ్చేది.

ఆ రోజు నుంచి పల్లవి మానేశాను. కీర్తనే మానేశాను. పంచమం, పైషడ్జం, గాంధారం, ఆ మూడు స్వరాలే. ముందు ఒక్కో స్వరం మీదా నిదానంగా ఆగుతూ వాయించాను. తరవాత వెనక్కి, గాంధారం నుంచి కిందికి. మర్నాడు కమాను పట్టకుండా, వేళ్ళతోనే తీగ మీద. ఇంకో రోజు కళ్ళు మూసుకుని. కూర మగ్గుతుంటే గరిటె కాడ మీద వేళ్ళు ఆ దూరం కొలుచుకునేవి. విసుగొచ్చేదాకా వాయించడం మానేశాను. ఇంకా వాయించాలని ఉండగానే "అయిపోనాది, ఇంకనను" అని లేచి పెట్టె మూసేదాన్ని. కోపం తెచ్చుకోవడం కూడా మానేశాను. వేలు తప్పితే తప్పింది. పాపం దాని అలవాటు అది, నా వెల్లకిలా గిన్నెల్లాగే.

నా సాధింపు వల్ల కష్టమంతా మా అత్తకి వచ్చింది. అంతకు ముందు ఏడుపైనా ఒక కీర్తన వినపడేది, ఇప్పుడు మూడు ముక్కలు, పొద్దున్నా సాయంత్రమూ. కొన్నాళ్ళు ఓర్చుకుంది. ఒక సాయంత్రం చింతపండు చేట పక్కన పెట్టి వచ్చి నా ఎదుట నించుంది.

"ఏటే గుంటా, పాట మర్సిపోనావా? రోజల్లా ఆ మూడు ముక్కలే ఏటి?"

"సాధన చేస్తున్నానత్తా."

"సాదించడమా?" ఆవిడ చెవికి అలాగే పడింది. "ఎవుల్ని సాదిత్తన్నావు?"

"ఈ వయొలిన్ని."

ఆవిడ కాసేపు నన్నూ, దాన్నీ మార్చి మార్చి చూసి పకపకా నవ్వింది. ఆ ఇంట్లో ఆవిడ అలా నవ్వడం నేను వినడం అదే మొదలు. "పోన్లే, నీకూ ఒకర్తి దొరికింది సాదించుకోడానికి. నాకా, నువ్వు తప్ప ఎవులున్నారు?" అంది.

నవ్వుతూనే అంది. కానీ ఆ మాట విని నేను కమాను దించేశాను. అప్పటిదాకా ఆ ఇంట్లో ఒంటరిదాన్ని నేనొక్కత్తెనే అనుకున్నాను. చదువుకున్నదాన్ని, సంగీతం వచ్చినదాన్ని, పట్నం అంచున పడి ఉన్నదాన్ని అని నా మీద నాకే జాలి. ఎదురుగా ఇంకో మనిషి ఉందనీ, ఆవిడకి కనీసం వయొలిన్ కూడా లేదనీ నాకు తట్టలేదు. మర్నాడు సాయంత్రం ఆవిడ రోజూలాగే మెయిన్‌రోడ్డు వైపు నడవబోతుంటే నేనూ వెంట వెళ్ళాను. కాళ్ళు సాగడానికి వెళ్తోందని ఇన్నాళ్ళూ అనుకునేదాన్ని. రోడ్డు దాటి చిన్న మెరక మీద ఆగింది. అక్కణ్ణుంచి ప్లాంటు కడుతున్న చోటు కనపడుతుంది. క్రేన్లు, ఇనప స్తంభాలు, వాటి వెనక సన్నగా సముద్రం.

"అదిగో, ఆ పొగ్గొట్టం లేత్తంది సూడు. దాని కాలికాడే మా పెరడు. జీడిసెట్టుండేది" అంది. తరవాత తన తోడికోడలి గురించి చెప్పింది. ఇద్దరూ ఒకే పెరట్లో ఇరవై ఏళ్ళు కాపురం చేశారట. ఒకర్నొకరు సాధించుకోని రోజు లేదట. నీళ్ళ బిందె గురించీ, పిడకల గురించీ, ఆవు ఎవరి వైపు కట్టాలన్న దాని గురించీ. ఊరు లేచిపోయినప్పుడు తోడికోడలు తన కొడుకుతో వేరే కాలనీకి పోయింది. రెండు బస్సులు మారితే గానీ వెళ్ళలేం. "దాని నోరు మంచిది కాదే. మాటకి మాట అప్పసెప్పీసేది. ఇప్పుడు పలకరిత్తే పలికీవోరు లేరు, తిడితే తిట్టీవోరూ లేరు" అని అత్త కళ్ళు తుడుచుకుంది. తిట్టడానికి మనిషి లేదని ఏడ్చిన మనిషిని నేను అప్పుడే చూశాను. చెయ్యి పట్టుకుందామనుకున్నాను గానీ మా మధ్య అలాంటి అలవాటు లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఏం చెయ్యాలో తోచక, "రేపటి నుంచి చారు పోపులో ఆవాలు మాడ్చేస్తాను చూస్కో" అన్నాను. "మాడ్సు, మాడ్సు. నానున్నాను కదేటి" అంది హుషారుగా.

మాట నిలబెట్టుకున్నాను. ఆవాలు మాడ్చాను. ఆవిడ కాకిని పిలిచింది. నేను ఎదురు మాట్లాడాను. మా ఆయన ఆదివారం ఇంట్లో ఉండి మా ఇద్దరి వాగ్వాదం విని, ఏదో గొడవ ముదిరిందని హడలిపోయి, సైకిలు తుడవడానికి బయటికి పోయాడు. ఆయనకి మేం ఎంత హాయిగా ఉన్నామో చెప్పినా అర్థమయ్యేది కాదు. మగవాళ్ళకి కొన్ని సంగీతాలు తెలియవు.

రెండో ఆడిషన్‌కి అత్త వెంట వచ్చింది. "నువ్వొక్కర్తివీ ఎల్తావేటి ఆ పెట్టెట్టుకుని?" అని తయారైపోయింది. బస్సులో కండక్టరు పెట్టె చూసి "ఏటమ్మా ఇది, తుపాకీయా?" అన్నాడు. అత్త "అవును, పేల్సమంతావా?" అంది. పోర్టు రోడ్డు మీద ఎర్రరాయి తెచ్చే గూడ్సు బండి అడ్డంగా ఆగి బస్సు నిలిచిపోయింది. ఆ మూడు స్వరాలూ ఒళ్ళో పెట్టె మీద వేళ్ళతో నొక్కుకుంటూ కూర్చున్నాను. రేడియో స్టేషన్‌లో ఆవిణ్ణి బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్తుంటే, వెనక నుంచి ఆవిడ గొంతు వినపడింది. "ఏటి నాయినా, ఆ కుండ మీద మూతెయ్యరేటి? ఈగలు పడవేటి?" అక్కడి బంట్రోతుని పట్టుకుంది. పాపం అతనికి తెలియదు, ఆవిడ వచ్చినప్పుడల్లా ఇక ఆ కుండ సంగతే ఎత్తుతుందని. నాకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటు భుజాల బిగువు వదిలింది. అద్దం ముందు కూర్చుని వాయిస్తుంటే ఆ సంగతి వచ్చినట్టే తెలియలేదు. తెలిసేసరికి చరణంలో ఉన్నాను.

పాసయ్యాను. మొదటి ప్రసారం ముందే రికార్డు చేశారు గనక నేను ఇంట్లో కూర్చుని వినగలిగాను. పొద్దున్నపూట. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. అత్త తలకి నూనె రాసుకుని, మడత చీర కట్టుకుని, కిటికీలో పెట్టిన ట్రాన్సిస్టర్ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా పేరు చెప్పారు. ఆవిడ నా వైపు చూసింది. కీర్తన మొదలైంది, సాగింది, అయిపోయింది. తరవాత వేరే ఎవరో వార్తలు చదవడం మొదలెట్టారు. ఆవిడ ఇంకా అలాగే కూర్చుంది.

"అయిపోనాదా?"

"అయిపోయిందత్తా."

"మరి ఆ మూడు ముక్కలేవే?"

"వచ్చి వెళ్ళాయి."

"ఎప్పుడు?" ఆవిడ నమ్మలేనట్టు ట్రాన్సిస్టర్ వైపు చూసింది. "అంత సాదించినావు, ఇంతేనేటి? రెప్పేసి తీసేలోపల పోనాయా? దీనికేనా నా సెవులు సిల్లులు పడ్డాయి?" అని గొణుక్కుంటూ లేచి పోయింది. నా వయొలిన్ గురించి ఎందరో పెద్దలు ఎన్నో మాటలు అన్నారు తరవాత. అంత నిఖార్సైన మెప్పు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అది మెప్పని ఆవిడకి తెలియదు.

తరవాత మాకు ప్లాంటు క్వార్టర్సు వచ్చాయి. సిమెంటు ఇల్లు, కుళాయి, జాలీ తలుపులు. నేను ఏడాదికి కొన్నిసార్లు రేడియోకి వెళ్ళి వస్తున్నాను. కొత్త ఇంట్లో దుమ్ము తగ్గింది. అత్త మాట కూడా తగ్గింది. మొదట్లో నేను సుఖపడ్డాను, అబద్ధం ఎందుకు? తరవాత బెంగ పట్టుకుంది. ఆవాలు మాడితే పక్కకి ఏరి పెట్టి తినేది. కాకులు వచ్చి పోయేవి. ఆవిడ నడిచి వెళ్ళే మెరక ఇప్పుడు దూరమైపోయింది. వరండాలో మంచం వేసుకుని ఆ దిక్కుకి తిరిగి పడుకునేది. డాక్టరుకి చూపించాం. వయసు మీద పడింది, పెద్ద జబ్బేమీ లేదన్నాడు. జబ్బుంటే బాగుండేదేమో, మందుండేది.

ఒక మధ్యాహ్నం మంచం పక్కన చాప వేసుకుని వయొలిన్ తీశాను. ఆ కల్యాణి కీర్తనే ఎత్తుకున్నాను. అనుపల్లవి వచ్చింది. పంచమం వాయించి, పైషడ్జం దాటి, గాంధారం కావాలని తప్పాను. వెంట్రుకవాసి కాదు, ఎవరికైనా తెలిసేటంత. ఏళ్ళ కొద్దీ సాధించిన వేలు తప్పడానికి ఒప్పుకోలేదు, బలవంతాన కిందికి లాగాను. ఆగాను. ఆవిడ ఏదో ఒకటి అంటుందని చూశాను. మళ్ళీ అక్కడే వాయించాను, మళ్ళీ తప్పాను. ఆ మూడు ముక్కలు నాకంటే ఎక్కువసార్లు విన్న మనిషి ఆవిడ. నిద్రలో కూడా ఆ చోటు ఆవిడకి తెలుసు.

అత్త కళ్ళు తెరిచి నా వైపు చూసింది.

"బాగుందమ్మా" అంది.

నన్ను ఆవిడ అమ్మా అని పిలవడం అదే మొదలు. వయొలిన్ పక్కన పెట్టి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అభ్యంతరం చెప్పలేదు. చెప్పి ఉంటే ఎంత సంతోషించేదాన్నో! ఆ వేసవి దాటకుండానే పోయింది.

ఇప్పుడు నాకు అప్పటి ఆవిడ వయసు దాటింది. మా ఆయనా లేరు. పొద్దున్న కాసేపు వాయించుకుంటాను. వేళ్ళు బిగిసిపోయి చాలా చోట్ల తప్పుతాయి, తప్పిన చోట ఆగి దాన్ని పట్టుకునే ఓపిక ఇంకా ఉంది, నన్ను పట్టుకునేవాళ్ళే ఇంట్లో లేరు. సాధన అంటే తప్పిన చోట ఆగడమని ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. కాలానికి ఆ విద్య రాదు, అది మన తప్పునీ ఒప్పునీ ఒకే నడకతో దాటేసి, వెనక్కి తిరిగి ఒక్క మాటైనా అనకుండా పోతుంది.